ఫెయిర్ రికార్డు, కత్తెర, వాల్టర్ సిగరెట్లు

నిత్య మా వీధిలో ఉండే డాక్టరు గారి అమ్మాయి. పుట్టింది, పెరిగింది న్యూజెర్సీలోనే. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, కరెంటుతో రసాయనాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఈమధ్యనే చేరింది. పోయిన నెల ఐసెలిన్‌లో దోసెలు తినడానికి రెండు కుటుంబాలూ కలిసినప్పుడు నా పక్కన కూర్చుని, "అంకుల్, మీరు కూడా సేమ్ వర్క్ చేశారంట కదా! నాకు టిప్స్ చెప్పండి. త్రీ చాలు," అంది.

ఒక జీవితకాలం ఉద్యోగానికి మూడు టిప్స్! అది కూడా చట్నీ వచ్చేలోపు చెప్పాలి. పిల్ల మంచిది, అడిగింది ప్రేమతోనే. అందుకని కోపం మింగి, "మీ రీడింగుల్లో గీత ఎగుడుదిగుడుగా వస్తే ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"అది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది అంకుల్. నాయిస్ అంతా క్లీన్ చేసేస్తుంది. గ్రాఫ్ చాలా నీట్‌గా వస్తుంది," అంది సంతోషంగా.

ఆ తర్వాత నాకు దోసె సహించలేదు. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. నాకు ఎప్పుడు ఏ పదవి వచ్చిందో, ఏ సభలో ఎవరు చప్పట్లు కొట్టారో ఇందులో ఉండదు. అవి తెలుసుకుని ఎవరూ బాగుపడలేదు. నేను చేసిన ఒక వెధవ పని గురించి రాస్తున్నాను. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం పోవలసింది.

పని అంటే ఏమిటి

డెబ్భైల చివర ఒహాయోలో పీహెచ్‌డీ ముగించుకుని న్యూజెర్సీలో ఒక రసాయనాల కంపెనీలో చేరాను. మా పని ఒక్క మాటలో చెప్పవచ్చు. ఒక కర్బన పదార్థంలోంచి ఒక హైడ్రోజన్ పరమాణువును పీకి, దాని చోట ఫ్లోరిన్ పరమాణువును కూర్చోబెట్టాలి. మందుల తయారీలో ఆ చిన్న మార్పుకి చాలా విలువ. ఫ్లోరిన్ వాయువుతో నేరుగా చేయబోతే పదార్థం బొగ్గయినా అవుతుంది, పేలినా పేలుతుంది. అందుకని హైడ్రోజన్ ఫ్లోరైడు కలిపిన ద్రావకంలో దాన్ని కరిగించి, రెండు ప్లాటినం రేకులు ముంచి, కరెంటు పంపిస్తాం. స్లైడు మీద చూస్తే పదో తరగతి పిల్లవాడు కూడా చేసేలా ఉంటుంది.

స్లైడు తయారుచేసిన వాళ్ళు చెయ్యి తడుపుకోరు. మా రోజంతా తేమతో తగువులోనే గడిచిపోయేది. ద్రావకం ఎంత ఆరబెట్టినా ఎక్కడో ఒక చుక్క నీరు మిగిలి ఉండేది. సెల్, అంటే ఈ పని జరిగే పాత్ర, గాజుది పనికిరాదు. హైడ్రోజన్ ఫ్లోరైడు గాజును తినేస్తుంది. అందుకని టెఫ్లాన్‌తో చేయించుకునేవాళ్ళం. టెఫ్లాన్ మూత ఎంత బిగించినా కారుతుంది. ఆ ద్రవం చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియదు. తెలిసేసరికి ఎముక దాకా దిగి ఉంటుంది. కోటు జేబులో దానికి విరుగుడుగా రాసే కాల్షియం జెల్ ట్యూబు లేకుండా నేను ఏ రోజూ ల్యాబులో అడుగు పెట్టలేదు. ఆదివారం కూరగాయలకి వెళ్ళినప్పుడు కూడా జేబు తడుముకునేవాణ్ణి. మా ఆవిడ సరోజ నవ్వేది.

వీటన్నిటినీ మించిన శత్రువు ఒక పొర. కరెంటు పోతున్నకొద్దీ ప్లాటినం రేకు మీద గోధుమరంగు పొర కడుతుంది, పాత నూనె మూకుడుకి పట్టే జిడ్డులాగ. పొర కట్టగానే వోల్టేజి పెరగడం మొదలవుతుంది. పెరగడం మొదలైందంటే ఇక ఆ రోజు పని గోవిందా. సెల్‌లో మిగిలేది నల్లటి తారు.

నేను చేరిన ఏడాదికి మా సెల్‌లో ఈ పొర మందంగా కట్టడం మానేసింది. వోల్టేజి హద్దు దాటడం లేదు. ఫ్లోరిన్ కూర్చోవలసిన చోటే కూర్చుంటోంది. వేరేవాళ్ళకి కుదరనిది మాకు కుదురుతోంది. ఎందుకు కుదురుతోందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని నాకూ అనిపించలేదు, నా ప్రతిభే అనుకున్నాను.

వాల్టర్

ఆ సెల్‌ని రోజూ నడిపింది నేను కాదు. అప్పుడే మా ల్యాబుకి మారిన వాల్టర్ అనే టెక్నీషియన్. యాభై దాటిన మనిషి, భారీ శరీరం. సైన్యంలో రేడియోలు బాగుచేసి వచ్చాడు. చదువు హైస్కూలుతో సరి. నన్ను "డాక్" అని పిలిచేవాడు. ఇంగ్లీషులో మీరు, నువ్వు అనే తేడా లేదు కాబట్టి బతికిపోయాను. ఉండి ఉంటే నాకంటే పాతికేళ్ళు పెద్దవాణ్ణి నేను నువ్వు అనే పిలిచి ఉండేవాణ్ణి. మా కాలేజీల్లో ల్యాబు అటెండర్లని అలాగే పిలిచేవాళ్ళం మరి. విమానం ఎక్కినప్పుడు ఆ అలవాటు కూడా నాతో ఎక్కింది.

వాల్టర్ రోజూ పొద్దున్నే రబ్బరు గ్లోవ్స్‌ని బూరలాగా ఊది, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. నాకది హాస్యంగా ఉండేది. ఒకసారి నేను వేసుకోబోతున్న గ్లోవ్‌ని చేతిలోంచి లాక్కుని, ఊది, నా చెవి దగ్గర పెట్టాడు. సూది మొన అంత చిల్లులోంచి గాలి సన్నగా వస్తోంది.

"ఇది ఎడమ చూపుడు వేలు, డాక్. నీకు కావాలా, వద్దా?" అన్నాడు.

థాంక్స్ చెప్పినట్టు గుర్తు. నవ్వడం మాత్రం ఆపేశాను.

ఆయనకి ఒక్కటే లోపం అని నా ఉద్దేశం. ప్రతి అరగంటకీ సిగరెట్ కావాలి. ల్యాబులో తాగకూడదు కాబట్టి వెనకాల లారీలు ఆగే అరుగు దగ్గరికి పోయేవాడు. హైడ్రోజన్ ఫ్లోరైడు సెల్‌ని నడుస్తుండగా వదిలి వెళ్ళకూడదని మా ల్యాబు నియమం. వాల్టర్ నియమం తప్పే మనిషి కాదు. వెళ్ళేముందు కరెంటు ఆపేసేవాడు. ఐదు నిమిషాల్లో వచ్చి మళ్ళీ వేసేవాడు. మధ్యలో ఎవరైనా కబుర్లు చెబితే పది నిమిషాలు.

నాకు ఒళ్ళు మండేది. నాలుగు గంటల్లో అయ్యే పని ఐదు గంటలు పట్టేది.

ఫెయిర్ రికార్డు

ఇక్కడ నిత్యకి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మాకు రెండు పుస్తకాలు ఉండేవి. ల్యాబులో గబగబా గీకేది రఫ్. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, కొట్టివేతలు లేకుండా, స్కేలు పెట్టి గీతలు గీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది ఫెయిర్ రికార్డు. మార్కులు ఫెయిర్ రికార్డుకే. ఒక బిందువు గీతకి దూరంగా పడితే దాన్ని కొద్దిగా దగ్గరికి జరిపేవాళ్ళం. జరపకపోతే లెక్చరరే అడిగేవారు, "ఏమయ్యా, ఇది ఇక్కడెందుకుంది?" అని. సంవత్సరం చివర రఫ్ పుస్తకాలు పకోడీల బండికి పోయేవి. నాకు ఫెయిర్ రికార్డుకి రెండేళ్ళూ ఫస్టు మార్కు. అది గొప్పగా చెప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అమెరికాలో మా సెల్ పక్కన చార్టు రికార్డరు అనే పెట్టె ఉండేది. గళ్ళ కాగితం చుట్ట మెల్లగా కదులుతూ ఉంటే సిరా పెన్ను దాని మీద వోల్టేజిని గీతగా గీసుకుంటూ పోతుంది. వాల్టర్ కరెంటు ఆపినప్పుడల్లా పెన్ను కింద పడేది. కాగితం మాత్రం కదులుతూనే ఉండేది. తిరిగి వచ్చి కరెంటు వేస్తే పెన్ను లేచేది, కానీ ముందున్న చోటికి కాదు, కొంచెం కిందికి. అక్కడినుంచి మళ్ళీ నెమ్మదిగా ఎక్కేది. గీత రంపం పళ్ళలాగా ఉండేది.

అలాంటి అసహ్యమైన గీతని నేను రిపోర్టులో పెడతానా? మధ్యాహ్నం భోజనం కాగానే ముందురోజు చార్టు పరుచుకుని కత్తెర తీసేవాణ్ణి. పెన్ను కింద పడిన చోటు, లేచాక ఇంకా కిందనే ఉన్న చోటు, అన్నీ కత్తిరించేవాణ్ణి. గీత గీతని సరిగ్గా కలిసే చోట టేపు అంటించి ఫోటోకాపీ తీసేవాణ్ణి. తాడు లాగి పట్టినట్టు చక్కటి గీత. ఎంత కరెంటు పోయిందో లెక్కపెట్టే మీటరు వేరే ఉండేది కాబట్టి లెక్కలో లోటు రాలేదు. కింద "నాలుగు గంటలు, నిరంతరాయంగా" అని రాసేవాణ్ణి. మోసం చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. సిగరెట్ తాగడం సైన్సు కాదు కదా, దాన్ని తీసేస్తున్నాను, అంతే అనుకున్నాను.

మా గ్రూపు అధిపతి కార్ల్‌సన్‌కి ఆ రిపోర్టులంటే ప్రాణం. ల్యాబులోకి రావడం ఆయనకి పడదు, కాగితాలు చదవడం పడుతుంది. "మిగతా వాళ్ళు నిన్ను చూసి నేర్చుకోవాలి," అని మీటింగులో అన్నాడు. నేను పొంగిపోయాను. పైవాడికి ఏం కావాలో కనిపెట్టి అదే వండి పెట్టడం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. నాకైతే అందులో డిస్టింక్షన్ ఇవ్వవచ్చు.

సిగరెట్లు మాన్పించాను

పెద్ద సెల్ కట్టమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇదే సందని వాల్టర్‌ని పిలిచి, ఇకనుంచి సెల్ నడుస్తున్నంతసేపూ ల్యాబు దాటడానికి వీల్లేదన్నాను.

"అంటే కరెంటు ఆపొద్దంటావా?" అన్నాడు.

"ఆపొద్దు. భోజనం టైముకి పని పూర్తవుతుంది, అప్పుడు వెళ్ళి ఎన్ని కావాలంటే అన్ని తాగు."

"సరే, డాక్. ప్రయోగం నీది," అన్నాడు. ఆ రోజునుంచి చూయింగ్ గమ్ నమలడం మొదలుపెట్టాడు. మనిషి మొహం చూడలేకపోయేవాళ్ళం.

పెద్ద సెల్ మొదటి రోజే తారు. రెండో రోజూ అంతే. సరే, పెద్దది కదా అని మళ్ళీ చిన్న సెల్‌కి వచ్చాం. అందులోనూ తారే! ఏడాదిపాటు వెన్నలా నడిచిన సెల్ అది. గంట తిరక్కుండానే వోల్టేజి నెత్తికెక్కేది. ద్రావకం మార్చాం. ప్లాటినం కొత్తది తెప్పించాం. పైపులన్నీ విప్పి ఆరబెట్టాం. మూడు నెలలు ఇదే బాగోతం. ప్రతి శుక్రవారం కార్ల్‌సన్ మీటింగు పెట్టి, "నీళ్ళు చూశారా?" అని అడిగేవాడు. చూశామండీ. ప్రతి వారం చూశాం. ఇంకేం చూడాలో తెలియని బాసులు నీళ్ళు చూడమంటారు.

చివరికి నేను వాల్టర్ మీద పడ్డాను. "ఏం మార్చావు?" అని నిలదీశాను.

"నేనేం మార్చలేదు. మార్చింది నువ్వే," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అది పొగరనుకున్నాను. ఆ మాటని అక్షరాలా తీసుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ పీహెచ్‌డీ ఉన్నవాడు హైస్కూలు మనిషి మాటని అక్షరాలా తీసుకుంటాడా?

ఆ సాయంత్రం కార్ల్‌సన్‌కి మెమో రాశాను. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "పాత ఫలితాలు తిరిగి రావడం లేదు గనుక, వాటిని నమోదు చేసిన విధానాన్ని పరిశీలించవలసి ఉంది." ఎంత మర్యాదగా ఉందో చూడండి. వాల్టర్ దొంగ అంకెలు రాశాడని దాని అర్థం. కార్ల్‌సన్‌కి బాగానే అర్థమైంది. మర్నాడు వాల్టర్‌ని గాజు సామాను కడిగే గదికి పంపేశారు. సోమవారం సిబ్బంది వ్యవహారాల ఆఫీసరు ఎదుట విచారణ అన్నారు. దొంగ అంకెలని తేలితే ఉద్యోగం పోతుంది. ఆయనకి రిటైర్మెంటు ఇంకో ఐదారేళ్ళు. ఆ వయసులో, ఆ మచ్చతో, ఇంకో ల్యాబులోకి ఎవరూ రానివ్వరు.

ఇంటికెళ్ళి ఇదంతా సరోజకి చెప్పాను. ఆమె పోపు వేస్తూ విన్నది.

"ఆయన అబద్ధం రాశాడని మీకెలా తెలుసు?" అంది.

"ఇంకే కారణమూ లేదు కాబట్టి."

"ఆయన్ని అడిగారా?"

"అడిగాను. ఏం మార్చావని అడిగాను."

"అది అడగడం కాదండీ, కొట్టడానికి చెయ్యెత్తడం. ఆ పెద్దాయన మీ వేలు కాపాడాడని మీరే చెప్పారు. కూర్చోబెట్టి, ఏం జరుగుతోందని మామూలుగా అడగలేరూ?"

"నీకు కెమిస్ట్రీ తెలీదు, ఊరుకో," అన్నాను. ఆ మాటకి తర్వాత చాలా ఏళ్ళు వడ్డీతో సహా వాయించింది.

ఫైర్ డ్రిల్

శుక్రవారం సెల్ నేనే నడిపాను. వాల్టర్ లేకుండా మంచి ఫలితం తెచ్చి చూపిస్తానని పంతం. స్టూలు వేసుకుని సెల్ ఎదురుగా కూర్చున్నాను. నలభై నిమిషాలకే పెన్ను ఎక్కడం మొదలైంది. తల పట్టుకుని చూస్తూ ఉండగా ఫైర్ అలారం మోగింది.

మంటా లేదు, పొగా లేదు. ఏడాదికి రెండుసార్లు జరిపే డ్రిల్. ఇలాంటివి నిర్ణయించేవాళ్ళకి నా ప్రయోగం రోజే ఎలా దొరుకుతుందో నాకు అర్థం కాదు. కరెంటు ఆపి, బయటికి వెళ్ళి, కార్ల పార్కింగులో చలికి వణుకుతూ ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఎవరో క్లిప్‌బోర్డు పట్టుకుని తలలు లెక్కపెడుతున్నారు. అవతలి చివర వాల్టర్ ఒక్కడూ నిలబడి సిగరెట్ తాగుతున్నాడు. నన్ను చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

లోపలికి వచ్చి, ఎలాగూ చెడిపోయిందే అనుకుంటూ కరెంటు వేశాను. పెన్ను ఎక్కడో పైన మొదలవుతుందని చూస్తే, కిందనే ఆగింది. పొద్దున మొదలుపెట్టినప్పుడు ఉన్న చోటే. అరగంట నిలకడగా ఉంది. తర్వాత మళ్ళీ ఎక్కబోయింది. నేను కరెంటు ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు, చెయ్యి దానంతట అదే పోయింది. ఐదు నిమిషాలు ఆగి వేశాను. మళ్ళీ కింద. మరో అరగంటకి అలాగే చేశాను. మళ్ళీ కింద. మూత తీసి చూస్తే ప్లాటినం రేకు తళతళలాడుతోంది. గోధుమరంగు పొర పొట్టు పొట్టుగా ఊడి ద్రవంలో తేలుతోంది.

ఆపితే చాలు. కరెంటు లేని ఆ కాసేపట్లో, కలిపే మోటారు తిప్పుతూనే ఉన్న ద్రవం పొరని కడిగేస్తోంది. ఏడాదిపాటు మా సెల్‌ని నడిపింది నా ప్రతిభ కాదు, వాల్టర్ సిగరెట్లు.

అల్మారాలోంచి పాత రిపోర్టుల ఒరిజినల్స్ తీశాను. చక్కటి గీతలు. గోటితో తడిమితే టేపు అతుకులు తగులుతున్నాయి. ఒక్కో చార్టులో ఏడెనిమిది. ప్రతి అతుకు కిందా ఒక సిగరెట్ ఉండేది. ఆ ముక్కలన్నీ ఏడాదిగా నా చెత్తబుట్టలోకే పోయాయి. దొంగ గీతలు గీసింది వాల్టర్ కాదు, నేను. నా గురించి నేను ఏమనుకుంటూ బతికానో అదంతా ఆ కాసేపట్లో కూలిపోయింది.

లాకరు

గాజు సామాను కడిగే గదికి వెళ్ళేసరికి వాల్టర్ చేతులు మోచేతులదాకా సబ్బునీళ్ళలో ఉన్నాయి. చెప్పాను. మొదట్లో తడబడ్డాను గానీ మొత్తం చెప్పాను. ఆయన వింటూనే రెండు ఫ్లాస్కులు కడిగాడు.

"ముక్కలు పారేశాను. సోమవారం నా మాట తప్ప రుజువు లేదు," అన్నాను.

చేతులు తుడుచుకుని, నన్ను లాకర్ల గదికి తీసుకెళ్ళి, తన లాకరు తెరిచి ఒక చార్టు చుట్ట తీశాడు. ఒక పక్కంతా కాఫీ మరక.

"గుర్తుందా? కాఫీ ఒలికిందని నువ్వు దీన్ని వద్దన్నావు. పారెయ్యమన్నావు," అన్నాడు.

కత్తెర తగలని చుట్ట అది. విప్పి చూశాను. మొదటి విరామం దగ్గర, పెన్ను కింద పడిన చోట, వాల్టర్ చేత్తో 'సిగరెట్' అని రాసి, టైము వేసి ఉంది. రెండో దగ్గరా అంతే. ఆయన రాస్తూనే ఉన్నాడు. ఆ రాతలు కూడా నేను కత్తిరించాను.

"మరి ఇది ముందే ఎందుకు చూపించలేదు, వాల్టర్? మూడు నెలలు చచ్చాం కదా!"

"నేను ఏదైనా ఒక్కసారే చెప్తాను, డాక్," అన్నాడు, చుట్ట మళ్ళీ చుట్టేస్తూ.

పెద్దమనిషి మొండితనం అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

సోమవారం

విచారణకి ముందు కార్ల్‌సన్ నన్ను వరండాలో ఆపాడు. అప్పటికే సంగతి చెప్పి ఉన్నాను. "విరామాలు టెక్నీషియన్ నోటుబుక్కులో రాయలేదు. అంతవరకు చెప్పు. హెచ్చరికతో వదిలేస్తారు. రిపోర్టుల గొడవ బయటికి తేవడం ఎందుకు?" అన్నాడు. నా గ్రీన్‌కార్డు కాగితాలు అప్పటికింకా కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఆయన ఆ మాట అనలేదు. అనక్కర్లేదు కూడా.

ఆ పది అడుగుల వరండాలో నేను మహావీరుణ్ణేమీ కాలేదు. కార్ల్‌సన్ చెప్పినట్టే చెబుదామని నిర్ణయించుకునే లోపలికి వెళ్ళాను. బల్లకి అవతల వాల్టర్ నీలం సూటు వేసుకుని కూర్చున్నాడు. ఎప్పటిదో, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. ఉద్యోగం పోతుందేమో అని సూటు వేసుకొచ్చిన మనిషిని చూశాక ఆ అబద్ధం నోటికి రాలేదు.

"చార్టులు కత్తిరించింది నేను," అన్నాను. "విరామాలు అన్నీ ఆయన రాశాడు. నేను తీసేశాను. ఆయన అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. తప్పు నా రిపోర్టుల్లో ఉంది."

వాల్టర్ తెచ్చిన కాఫీ మరక చుట్టని బల్ల మీద పెట్టి విప్పడం మొదలుపెట్టాను. మొదటి విరామం, రెండోది, మూడోది చూపించాను. ఇంకా విప్పబోతుంటే వాల్టర్ తన అరచెయ్యి చుట్ట మీద పెట్టాడు.

"ఇంతవరకు చాలు," అన్నాడు.

ఆఫీసరమ్మ ఆయన్ని అడిగింది, "కరెంటు ఆపితే మంచిదని మీకు తెలిస్తే ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

వాల్టర్ నాకేసి చూశాడు. "ఎవరూ అడగలేదు," అన్నాడు.

ఆయన ఉద్యోగం నిలబడింది. నన్ను ఆ ఏడాది దేనికీ లెక్కలోకి తీసుకోలేదు, నాకు తగిన శాస్తే. గ్రీన్‌కార్డు ఆలస్యంగానైనా వచ్చింది. వాల్టర్ నా ల్యాబుకి తిరిగి రావడానికి ఒక్కటే షరతు పెట్టాడు. నా డ్రాయరు తెరిచి, కత్తెర తీసుకుని, తన లాకర్లో పెట్టుకున్నాడు.

కరెంటుని అరగంటకోసారి దానంతట అదే ఆపే టైమరు ఒకటి వాల్టరే చేసి పెట్టాడు. పెద్ద సెల్ నడిచింది. పేటెంటు మీద కార్ల్‌సన్ పేరు, నా పేరు వచ్చాయి. వాల్టర్ పేరు కూడా పెట్టమని అడిగాను. "సిగరెట్ తాగడం ఆవిష్కరణ కాదు. గమనించినవాడిదే ఆవిష్కరణ. గమనించింది మీరు," అన్నాడు కంపెనీ లాయరు. నాకు ఆ వాదన నచ్చలేదు. అయినా సంతకం పెట్టాను.

చుట్ట చివర

ఎనభైల మధ్యలో వాల్టర్ రిటైరయ్యాడు. అప్పటికి డాక్టరు చెబితే సిగరెట్లు మానేశాడు. అయినా టైమరు టక్కుమన్నప్పుడల్లా లేచి వెనకాల అరుగు దగ్గరికి వెళ్ళి, ఊరికే నిలబడి వచ్చేవాడు. చివరి రోజు కేకు కోశాక నన్ను ఆ అరుగు దగ్గరికి రమ్మన్నాడు. ఒక కాగితం సంచీ ఇచ్చాడు. అందులో నా కత్తెర, కాఫీ మరక చుట్ట ఉన్నాయి.

"ఇక మీరే ఉంచుకోండి, నాకెందుకు?" అన్నాను.

"పూర్తిగా చదువు. తీరిగ్గా," అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి భోజనాల బల్ల మీద పరిచాను. సోమవారం నేను విప్పిన మూడు విరామాల తర్వాత ఇంకో నాలుగున్నాయి. నాలుగో దగ్గర 'సిగరెట్', టైము. ఐదో దగ్గర, ఆరో దగ్గర కూడా అంతే. ఏడో దాని దగ్గర ఇంకొంచెం రాసి ఉంది. "ఆపిన ప్రతిసారీ వోల్టేజి తగ్గుతోంది. పొర ఊడుతోంది. డాక్‌కి చెప్పాను. పనిలో ఉన్నాడు."

చెప్పాడు. ఫైర్ డ్రిల్‌కి ఏడాది ముందే గమనించాడు. గమనించి, నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు. సోమవారం ఆ బల్ల మీద ఈ వాక్యం బయటపడితే నా ఉద్యోగం ఉండేది కాదు. అందుకే చుట్ట మీద చెయ్యి పెట్టాడు. అందుకే ఎవరూ అడగలేదన్నాడు.

నిత్యా, ఈసారి వచ్చినప్పుడు ఆ చుట్ట నీకు చూపిస్తాను. పేటెంటు మీద ఎవరి పేరుండాలో నువ్వే చెప్పు.

వాల్టర్ నాకు చెప్పిన ఆ రోజుని గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఆయన రావడం గానీ, నిలబడటం గానీ, నేను ఏమన్నానో గానీ ఒక్కటీ గుర్తు రావడం లేదు. చుట్ట మీద టైము మాత్రం ఉంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ రోజుల్లో ఆ వేళకి నేను చేసే పని ఒక్కటే. చార్టులు కత్తిరించడం.